గెట్టిస్‌బర్గ్ గైడ్ టూర్: బాపు ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం పుట్టిన చోటు

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఆకులు రంగు మారే ఈ రోజుల్లో పెన్సిల్వేనియా వైపు వెళ్లేవాళ్లు గెట్టిస్‌బర్గ్‌లో ఆగండి, ఆగితే మాత్రం సొంతంగా తిరగకుండా లైసెన్స్ ఉన్న బ్యాటిల్‌ఫీల్డ్ గైడ్‌ని పెట్టుకోండి. మేము అక్టోబర్ చివరి శనివారం వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, ఎనిమిదో గ్రేడ్ చదివే మా పాప, కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మ, బాపు, మొత్తం ఐదుగురం. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మూడు గంటల పైనే డ్రైవ్. స్టార్లు ఇవ్వమంటే ఐదుకి ఐదు ఇస్తాను, లోపాలు లేవని కాదు, అవి కూడా కింద రాస్తున్నాను.

ఈ గైడ్ సర్వీస్ పద్ధతి కొంచెం వింతగా ఉంటుంది. గైడ్ మన కారులోనే, మన డ్రైవర్ సీట్లోనే కూర్చుని నడుపుతూ చూపిస్తారు. మ్యూజియం అండ్ విజిటర్ సెంటర్ దగ్గర ఆయన వచ్చి పలకరించి చెయ్యి చాపితే నేను తాళం చేతిలో పెట్టేశాను. అమ్మ నన్ను పక్కకి పిలిచి "ఎవరో ఏమో తెల్వదు, కారు తాళం ఇచ్చేస్తవేందిరా" అంది. పది నిమిషాల్లో ఆ టెన్షన్ పోయింది, ఎందుకంటే నేను స్టీరింగ్ వదిలేసి వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెప్పగలిగాను. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు. రెండు గంటల టూర్, డబ్బులు మనిషికి ఇంత అని కాకుండా కారుకి లెక్క, ఆరుగురి దాకా ఒకటే రేటు. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, ఫాల్ వీకెండ్స్‌లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. యుద్ధభూమి అంతా తిరగడానికి టికెట్ లేదు, మ్యూజియానికి మాత్రం ఉంది.

ఈ లైసెన్స్ 1915 నుంచి ఉంది. అంతకుముందు ఎవరికి తోచింది వాళ్లు చెప్పి డబ్బులు గుంజేవాళ్లట, ఫిర్యాదులు ఎక్కువై ప్రభుత్వమే పరీక్ష పెట్టింది. ఇప్పటికీ రాత పరీక్ష, ఆ తర్వాత ఓరల్, రెండూ పాసైతేనే లైసెన్స్. మా గైడ్ పెద్దాయన, ఒకప్పుడు హైస్కూల్ టీచర్. మా బాపు కూడా ప్రభుత్వ హైస్కూల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఇద్దరు సార్లకి ఎంత తొందరగా కలిసిపోయిందంటే, భాష సగం సగమే అర్థమవుతున్నా చేతులతో మ్యాపులు గీసుకుంటూ మాట్లాడుకున్నారు.

జరిగింది తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులై 1, 2, 3 తేదీల్లో ఇక్కడ ఉత్తరం సైన్యం, బానిసత్వం నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణం సైన్యం కొట్టుకున్నాయి. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, పట్టుబడినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి రెండు వైపులా దాదాపు 51 వేల మంది. అప్పుడు ఊరి జనాభా 2,400. ఆ లెక్క విని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఇంతమందికి అన్నం నీళ్లు ఎవరు చూసిండ్రు, పీనుగుల్ని ఎవరు తీసిండ్రు?" అని. నేను ఇంగ్లీషులో అడిగితే గైడ్ కారు పక్కకి ఆపేశారు. ఇది అందరూ అడగరు అన్నారు. ఊళ్లోని ఇళ్లు, చర్చిలు అన్నీ ఆస్పత్రులైపోయాయి, పొలాల్లో పైపైన పూడ్చిన శవాల్ని తర్వాత తవ్వి తీసి శ్మశానానికి చేర్చిన పనివాళ్లకు పెద్ద బాసిల్ బిగ్స్ అనే నల్లజాతి రైతు. దక్షిణం సైన్యం వస్తోందని అక్కడి నల్లవాళ్లు చాలామంది ఊరు వదిలి పారిపోయారు, పట్టుబడితే బానిసలుగా దక్షిణానికి లాక్కుపోతారని భయం. అలాంటి మనిషి తిరిగొచ్చి ఈ పని చేశాడు. ఆయన సమాధి మాత్రం ఆ పెద్ద జాతీయ శ్మశానంలో లేదు, ఊళ్లో నల్లవాళ్లకి వేరుగా ఉన్న లింకన్ సెమెటరీలో ఉంది. మేము టైమ్ లేక అక్కడికి వెళ్లలేకపోయాం, మీరు వెళ్లండి.

చెట్ల గురించి చెప్పకపోతే అన్యాయం. ఎర్రటి మేపుల్స్, ఇత్తడి రంగుకి తిరిగిన ఓక్స్, కోత అయిపోయిన మక్క చేన్లు, మధ్యలో కర్రలు అడ్డదిడ్డంగా పేర్చిన పాతకాలం కంచెలు. లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్టని రిపేర్ల కోసం రెండేళ్లు మూసి 2024లో మళ్లీ తెరిచారు, దారి ఇప్పుడు బాగుంది కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెల్లగా ఎక్కాలి. అమ్మ సగం దాకా వచ్చి బండరాయి మీద కూర్చుంది. పైనుంచి చూస్తే లోయంతా పసుపూ ఎరుపూ, బతుకమ్మ పేర్చినట్టు వరసలు వరసలుగా కనిపించింది. దసరా అయిపోయి నాలుగు వారాలు కాలేదు, అమ్మ నోట్లోంచి మొదట వచ్చిన మాట కూడా అదే.

దసరా అన్నాను కాబట్టి ఇంట్లో సంగతి ఒకటి చెప్పాలి, ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే. మా ఊళ్లో దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారం అని ఇచ్చి, అలాయ్ బలాయ్ తీసుకుంటాం. ఏడాదంతా మాటల్లేనివాళ్లు కూడా ఆ రోజు ఎదురుపడితే ఆకు ఇవ్వాల్సిందే. ఈసారి బాపు మా చిన్నాయనకి ఫోన్ చేయలేదు, ఆయనా చేయలేదు. ఏడాదిన్నర కింద ఎలక్షన్లప్పుడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ఒకరు ఒక పార్టీ, ఒకరు ఇంకో పార్టీ. ముందు వీడియోలు, తర్వాత ఎగతాళి, ఆ తర్వాత "నీలాంటోళ్ల వల్లనే దేశం ఇట్లైంది" దాకా. చిన్నాయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. చిన్నాయనని చదివించింది బాపు, నా పెళ్లి పనులన్నీ నెత్తిన వేసుకుని చేసింది చిన్నాయన. ఇద్దరికీ ఆ నాయకులెవరూ పరిచయం లేదు, ఒక్కసారి చెయ్యి కలిపింది లేదు. ఇక్కడ అమెరికాలో నా ఆఫీసులో కూడా ఇదే చూస్తున్నాను, పదేళ్లు కలిసి లంచ్ తిన్నవాళ్లు ఓటు ఎవరికి వేశారో తెలిశాక వేరే టేబుల్‌కి మారిపోయారు. అక్కడైనా ఇక్కడైనా నాయకుడు మైకు ముందు వాడే మాట మన ఇళ్లలోకి వస్తుంది, మన నోళ్లలోంచి వస్తుంది. నాకిది రోజూ బాధగానే ఉంటుంది.

సరే, టూర్‌కి వస్తాను. మూడో రోజు దక్షిణం సైనికులు సుమారు 12 వేల మంది మైలుకి కొంచెం తక్కువ దూరం చెట్టూ చేమా లేని మైదానంలో నడుచుకుంటూ వచ్చి తుపాకులకి ఎదురెళ్లిన చోటు ఉంది. అవతలి ఒడ్డున మోకాలి ఎత్తు రాతి గోడ. గైడ్ కారు ఆపి, బాపుని గోడకి ఇటువైపు నిలబెట్టి, తను కొంచెం దూరం చుట్టి వచ్చి అటువైపు నిలబడ్డారు. గోడ ఎక్కకూడదు, అది రూల్, అందుకని చుట్టి వెళ్లారు. అటునుంచి చెయ్యి చాపారు. బాపు అర్థం కాకుండానే చెయ్యి ఇచ్చారు. అప్పుడు చెప్పారు, 1913లో యాభై ఏళ్లు నిండిన సందర్భంగా రెండు సైన్యాల ముసలి సైనికులు 50 వేల మందికి పైగా ఇక్కడికే వచ్చారని, ఒకప్పుడు ఇదే గోడకి అటూ ఇటూ నిలబడి కాల్చుకున్నవాళ్లు ఇదే గోడ మీదుగా చేతులు కలిపారని.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే గైడ్ అక్కడితో ఆపలేదు, ఈ సర్వీస్‌కి నేను ఐదు స్టార్లు ఇస్తున్నది ముఖ్యంగా ఇందుకే. ఆ సభలో ప్రెసిడెంట్ విల్సన్ పాత గొడవ మరిచిపోయామని మాట్లాడారు, కానీ ఆ గొడవ దేని గురించో, బానిసత్వం గురించో, ఎవరూ గట్టిగా పలకలేదు. అదే 1913లో ఆయన ప్రభుత్వంలోనే వాషింగ్టన్ ఆఫీసుల్లో నల్లజాతి ఉద్యోగుల్ని వేరుగా కూర్చోబెట్టడం మొదలైంది. తెల్లవాళ్లు తెల్లవాళ్లు కలిసిపోయారు, ఎవరి విడుదల కోసం అంత రక్తం కారిందో వాళ్లని బయట నిలబెట్టారు. "ఐక్యత అని ఎవరైనా అంటే, ఎవరిని వదిలేసి అంటున్నారో చూడండి" అని మా పాప వైపు తిరిగి చెప్పారు. పాప దాన్ని ఫోన్లో రాసుకుంది. నేనూ ఒప్పుకుంటాను. అందర్నీ కలుపుతాను అనే నాయకుడు కావాలని నేను కోరుకుంటున్నాను, కానీ బలహీనుడి నోరు మూయించి కలిపేవాడు నాకు వద్దు.

బాపు ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు, ఉత్తరం వాళ్లు గెలిచాక ఓడినోళ్లని ఏం చేసిండ్రని. దానికి గైడ్ 1865 ఏప్రిల్ 9 సంగతి చెప్పారు. వర్జీనియాలోని అపొమాటొక్స్‌లో దక్షిణం సేనాని లీ లొంగిపోయినప్పుడు ఉత్తరం సేనాని గ్రాంట్ ఎవర్నీ జైల్లో పెట్టలేదు, ఆకలితో ఉన్న ఓడిన సైన్యానికి తిండి పంపించాడు, సొంత గుర్రాలున్న సైనికుల్ని వాటిని ఇంటికి తోలుకుపొమ్మన్నాడు, దున్నే కాలం వస్తోంది కాబట్టి. తన వాళ్లు సంబరంగా ఫిరంగులు పేలిస్తే ఆపించాడు. బాపు పుట్టింది రైతు ఇంట్లో. "దుక్కి టైముకి ఎడ్లని వదిలిపెట్టినట్టే గదా" అన్నారు, చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు.

టూర్ అయ్యాక గైడ్ తాళం ఇచ్చేసి వెళ్లారు. జాతీయ శ్మశానంలోకి కార్లు పోవు, నడవాలి, అది మేము సొంతంగా చూశాం. అర్ధచంద్రాకారంగా సమాధులు, రాష్ట్రాల వారీగా, ఆఫీసరు అని పెద్ద రాయి సిపాయి అని చిన్న రాయి లేకుండా. నిజం చెప్పాలంటే అక్కడున్నది ఉత్తరం వాళ్లే, దక్షిణం వాళ్లని పొలాల్లోనే వదిలేసి దాదాపు పదేళ్ల తర్వాత ఎక్కువమందిని రిచ్‌మండ్ వైపు తీసుకుపోయారు. పేర్లు తెలియని 979 మందికి జానెడు చదరపు రాళ్లు, వాటి మీద ఒక్క నంబరే. అమ్మ ఒక రాయి దగ్గర వంగి రాలిన ఆకుల్ని చేత్తో పక్కకి తుడిచి, ఒక మంచి ఎర్రాకు ఏరి దాని మీద పెట్టింది. "వీని తల్లికి వీడు ఈడున్నడని తెల్వకుండనే పోయిందేమో" అంది.

కొంచెం ముందుకి వెళ్తే అప్పటి ప్రెసిడెంట్ లింకన్ విగ్రహం, పక్కన కంచు పలక మీద ఆయన మాట్లాడిన మాటలు. 1863 నవంబర్ 19, ఈ శ్మశానాన్ని అంకితం చేసిన రోజు. ఆ రోజు అసలు వక్త ఎడ్వర్డ్ ఎవరెట్, రెండు గంటలు మాట్లాడారు. తర్వాత లింకన్ లేచి రెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నారు. మీ రెండు నిమిషాల్లో విషయానికి మీరెంత దగ్గరగా వచ్చారో నా రెండు గంటల్లో నేను అంత దగ్గరకి వచ్చి ఉంటే బాగుండేదని మర్నాడే ఎవరెట్ ఆయనకి ఉత్తరం రాశారు. ఓడిపోయానని అనుకోకుండా అలా రాయగలగడం కూడా గొప్పే.

పాప చదువుతోంది, చివరి వాక్యానికి వచ్చింది. ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు. బాపు ఉలిక్కిపడ్డారు. మన దగ్గర సోషల్ చదివిన ప్రతివాళ్లకీ ఇది నోటికి వచ్చు, ప్రజాస్వామ్యం నిర్వచించుము, రెండు మార్కులు. బాపు ముప్పై ఒక్క ఏళ్లు దాన్ని నల్లబల్ల మీద రాశారు. "ఇది శ్మశానంల చెప్పిన మాటనా? నేను పార్లమెంటుల అనుకున్ననే ఇన్నేండ్లు" అన్నారు. ఒక నిర్వచనంగా పిల్లలతో బట్టీ పట్టించిన వాక్యం, ఇంకా పూడ్చడం పూర్తికాని శవాల మధ్య నిలబడి, ఇలాంటి ప్రభుత్వం భూమ్మీద లేకుండా పోకూడదు అని మొక్కుకున్నట్టు చెప్పిన మాట అని తెలిసేసరికి ఆయన గొంతు మారిపోయింది.

తర్వాత ఆయన ఒక పని చేశారు. కళ్లజోడు సరిచేసుకుని, పలక మీద వేలు పెట్టకుండా గాల్లోనే వేలు కదుపుతూ, మొదటి అక్షరం నుంచి మళ్లీ మెల్లగా చదివారు. ఆన్సర్ పేపర్ దిద్దినట్టు. "శత్రువు అనే మాట లేదు చూడు" అన్నారు. పాప కూడా వెతికింది. లేదు. దక్షిణం అనే మాట లేదు. తిరుగుబాటుదారులు అనే మాట లేదు. ఇక్కడ పోరాడిన వీరులు, బతికున్నవాళ్లూ చనిపోయినవాళ్లూ, అని ఉంది, ఏ వైపు వాళ్లో లేదు. ఆఖరికి పాప కనిపెట్టింది, 'నేను' అనే మాట కూడా లేదు తాతయ్యా అని. అంత పెద్ద గెలుపు తర్వాత, యుద్ధం ఇంకా నడుస్తుండగా, మరుసటి ఏడాది ఎలక్షన్ పెట్టుకుని, ఆయన అవతలివాళ్లని ఒక్క మాట అనలేదు, తన గురించి ఒక్క ముక్క చెప్పుకోలేదు.

లింకన్ మెత్తటి మనిషేమీ కాదు. యుద్ధం చేశాడు, విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించిన మచ్చ కూడా ఆయన పాలన మీద ఉంది. 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటించాక ఎవరెంత ఒత్తిడి చేసినా వెనక్కి తగ్గలేదు. కానీ 1860లో పార్టీలో తనకి పోటీగా నిలబడ్డ సీవార్డ్‌ని, చేజ్‌ని, బేట్స్‌ని పిలిచి మంత్రుల్ని చేసుకున్నాడు. 1864 నవంబర్‌లో రెండోసారి గెలిచాక ఇంటి ముందు చేరి సంబరాలు చేసుకుంటున్నవాళ్లతో, ఇక్కడున్నన్నాళ్లూ కావాలని ఎవరి గుండెలోనూ ముల్లు నాటలేదు అన్నాడు, ఎలక్షన్ అయిపోయింది కదా, ఇక అందరం కలిసి మన అందరి దేశాన్ని కాపాడుకుందాం అన్నాడు. గెలిచాక అలా మాట్లాడే మనిషి కోసం నేను ఎదురుచూస్తున్నాను. నాకు ఇక్కడ ఓటు ఉంది, అక్కడ అమ్మా బాపూ ఉన్నారు, రెండు చోట్లా అదే ఆశ. ఏ పార్టీ అయినా పర్వాలేదు. నాకు ఓటేయనివాళ్ల ఇంటి ముందు కూడా రోడ్డు వేస్తాను, వాళ్ల పేరు మీద తిట్టు పడనివ్వను, నా వాళ్లు తిడితే నేనే ఆపుతాను అనే మనిషి. అలాంటివాళ్లు రారని నేను అనుకోను, ఒకసారి వచ్చారు, ఆయన నిలబడ్డ నేల మీద నేను నిలబడి వచ్చాను.

ఇంకొన్ని పనికొచ్చే సంగతులు. ఓక్ హిల్ మీద ఎటర్నల్ లైట్ పీస్ మెమోరియల్ తప్పకుండా చూడండి, 1938 జులై 3న ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ ప్రారంభించారు, అప్పటికి తొంభై దాటిన సైనికులు రెండు వైపుల నుంచీ 1,800 మందికి పైగా వచ్చారు. పైన గ్యాస్ జ్వాల, కింద రాతి మీద ఐక్యమైన దేశంలో శాశ్వత శాంతి అనే అర్థమొచ్చే మాటలు. సాయంత్రం ఎండ వాలుతున్నప్పుడు బాగుంటుంది, గాలి మాత్రం కోసేస్తుంది, పెద్దవాళ్లకి మఫ్లర్ ఉండాలి. యుద్ధభూమి పక్కనే ప్రెసిడెంట్ ఐజన్‌హోవర్ ఫార్మ్ ఉంది. 1956 డిసెంబర్‌లో నెహ్రూ వచ్చి అక్కడ బస చేశారు. బాపు వెంటనే లెక్క వేశారు, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నెలన్నర అయింది అప్పటికి అని. కలవడం, విడిపోవడం రెండూ చూసిన తరం వాళ్లది, ఆ గడ్డి మైదానం వైపు చూస్తూ ఆయన ఏం ఆలోచించారో నేను అడగలేదు.

ఇక లోపాలు. రెండు గంటలు చాలవు, రెండో గంట పరుగు పరుగున అయిపోతుంది. గైడ్ ఇంగ్లీష్ ధారగా వస్తుంటే పెద్దవాళ్లకి తర్జుమా చేయడానికి మధ్యలో ఆపమని మొహమాటం లేకుండా అడగాలి, నేను ఆలస్యంగా అడిగాను. తిండి విషయంలో జాగ్రత్త. ఊళ్లో ఒక హోటల్లో వెజిటేరియన్ అని రెండుసార్లు చెప్పి ఆర్డరిస్తే సూపులో మాంసం ముక్కలొచ్చాయి, తిప్పి పంపితే నలభై నిమిషాలు పట్టింది, అమ్మ ఏమీ తినకుండా లేచింది. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడం మంచిది. ఆ చుట్టుపక్కలంతా యాపిల్ తోటలు, రోడ్డు పక్క అమ్మే చోట బుట్టెడు కొనుక్కున్నాం, కొరికితే రసం మోచేతి దాకా కారింది.

తిరుగు ప్రయాణంలో బాపు ముందు సీట్లో కూర్చుని పలక ఫొటో చూసుకుంటూ ఫోన్లో ఒక వేలితో తెలుగులో టైప్ చేస్తూనే ఉన్నారు. హారిస్‌బర్గ్ దగ్గర మొదలుపెట్టి అలెన్‌టౌన్ దాటే దాకా. ఒకచోట ఆగి "డెడికేట్‌కి అంకితం అంటే సరిపోతదా, ముడుపు అనాల్నా" అని అడిగారు. నేను అంకితం అన్నాను, ఆయన ముడుపు అనే రాశారు. మొత్తం తర్జుమా చేశాక చిన్నాయన నంబరుకి పంపించారు, దాని కింద రాతి గోడ ఫొటో, ఇంకేం రాయలేదు. తెల్లారి చూస్తే రెండు టిక్కులు నీలమయ్యాయి. జవాబు ఇంకా రాలేదు. ఏటా నవంబర్ 19న ఆ శ్మశానంలో సభ ఉంటుంది, బాపు టికెట్ డిసెంబర్‌కి ఉంది కాబట్టి ఆ రోజుకి మళ్లీ తీసుకెళ్లమన్నారు, ఆఫీసుకి లీవ్ పెట్టేశాను.